నీలం పొగ

మొన్న ఆటోలో కంటి డాక్టరు దగ్గరికి పోతుంటే, సిగ్నల్ దగ్గర మా ముందు ఒక పాత మోటారుసైకిలు ఆగింది. దాని గొట్టంలోంచి బుసబుసా పొగ. ఆటో నడిపే అబ్బాయి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, "ఆ బండి పని అయిపోయిందమ్మా, పాత ఇనుముకు వేసుకోవాల్సిందే" అన్నాడు.

"అయిపోలేదు నాయనా. రంగు చూడు, నీలంగా ఉంది. ఇంజన్ నూనె కాలుతోంది. రింగులన్నా అరిగి ఉండాలి, లేకపోతే..." అని ఆగిపోయాను.

అతను అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. డెబ్బై దాటిన ఆడమనిషి నోట రింగుల మాట ఎందుకొచ్చిందో అతనికి అర్థం కాలేదు. 'లేకపోతే' తర్వాత ఏమనాలో నాకూ తెలియలేదు. నా పదో ఏట మా ఇల్లంతా ఒక ఎండాకాలం పాటు ఆ మాట దగ్గరే తిరిగింది. ఆ ఆలోచనలో పడి మొన్న కంటి డాక్టరు ఏం చెప్పాడో సగం వినలేదు.

మేమప్పుడు జమ్మలమడుగులో ఉండేవాళ్లం. మా నాయన పశువుల డాక్టరు. పల్లెలు తిరగడానికి ఆయనకొక మోటారుసైకిలు ఉండేది. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బళ్లలో అదొకటి, రెండు మూడు చేతులు మారి మా ఇంటికి వచ్చింది. పైన నల్లరంగు పూశారు గానీ, గీసుకుపోయిన చోటల్లా అడుగున మిలిటరీ ఆకుపచ్చ కనిపించేది. సీటు కింద ఒక పక్కగా ఇంజన్ నూనె పోసే డబ్బా, దానికి తిప్పి తీసే మూత. పెట్రోలు, ఫినాయిలు, పశువుల ఒంటి వాసన కలిసిపోయి వస్తే మా నాయన ఇంటికి వచ్చినట్టు.

ఇంట్లో అమ్మ, నేను, నాయన తల్లి అయిన మా అవ్వ. అవ్వ మొగుడు, అంటే మా తాత, బతికినన్నాళ్లూ ఎద్దులబండి మీద ప్రొద్దుటూరుకు పత్తి తోలిన మనిషి. అందుకని చక్రాలున్న దేన్ని చూసినా అవ్వకు ఏదో ఒక అభిప్రాయం ఉండేది.

ఆ ఏడు ఉగాది దాటాక బండి పొగ మొదలుపెట్టింది. మొదట నాయన తన్ని స్టార్టు చేసినప్పుడు గుప్పుమని వచ్చి ఆగిపోయేది. తర్వాత వీధి చివరిదాకా వచ్చేది. మా వీధి పిల్లలకైతే పండగే. పొగ గొట్టం చివర వేలు తిప్పితే నల్లటి మసి అంటుకునేది, దాంతో పిల్లలమంతా మీసాలు దిద్దుకునేవాళ్లం. నా మీసం జిడ్డుది, సబ్బు పెట్టినా పోలేదు. అమ్మ సున్నిపిండితో నా పైపెదవి ఊడిపోయేలా రుద్దింది.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ పొగ గురించి ఒక మాట అనేవాళ్లు. పక్కింటి బస్సు డ్రైవరు మామ చేతులు నడుము మీద పెట్టుకుని, "పెట్రోల్లో కిరసనాయిలు కలిపినారు సార్, దొంగనాయాండ్లు" అన్నాడు. అవ్వ అరుగు మీద ఉల్లికారం నూరుతూ తల ఎత్తకుండానే, "వేడి చేసిందిలే. ఈ ఎండలకు మనుషులే తట్టుకోలేకుండా ఉండారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆఖరికి నాయన బండిని ప్రొద్దుటూరు తీసుకుపోయాడు, వెనక నన్ను కూర్చోబెట్టుకుని. అక్కడ ఒక వేపచెట్టు కింద రేకుల షెడ్డులో ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. తెల్ల గడ్డం, దారంతో చెవులకు కట్టుకున్న కళ్లజోడు. యుద్ధంలో మిలిటరీ బళ్లు బాగుచేసి వచ్చిన సాయిబు. చుట్టుపక్కల ఊళ్లలో మోటారు ఉన్న ప్రతివాడూ ఆయన దగ్గరికే పోయేవాడు.

ఆయన బండిని ముట్టుకోలేదు. స్టార్టు చేయమని, పొగను కాసేపు అట్లా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఒక తెల్లగుడ్డ తెచ్చి గొట్టానికి అడ్డం పట్టి, దాన్ని నా ముందు చాపాడు.

"ముట్టుకో పాపా. పొడిగా ఉండాదా, జిడ్డుగా ఉండాదా?"

"జిడ్డుగా ఉంది."

"చూసినావా! పొగ అబద్ధం చెప్పదు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగతాండాదని. ఆ మసి పొడిగా ఉంటాది, దులిపితే పోతాది. తెల్లగా వస్తే యాడో నీళ్లు దూరినాయని. నీలంగా వచ్చి జిడ్డు అంటుకుంటే ఇంజన్ నూనె కాలతాండాదని."

"నూనె ఎందుకు కాలుతుంది తాతా?"

ఆయన నా గాజులు చూపించి చెప్పాడు. ఇంజన్లో కిందికీ పైకీ ఆడే పిస్టనుకు మూడు కడియాలు ఉంటాయట, వాటినే రింగులంటారట. పై రెండు గాలిని ఆపుతాయి. అడుగుది నూనెను గోకి కిందికి నెట్టేస్తుంది. ఆ అడుగు కడియం అరిగితే నూనె పైకెక్కి మంటలో పడుతుంది. నాకు ఎంత బాగా అర్థమైందంటే, ఇంటికి వచ్చి డ్రైవరు మామకు నేనే పాఠం చెప్పాను.

రింగులు మద్రాసు నుంచి రావాలి. వచ్చేదాకా నాయన బస్సుల్లోనూ, అద్దె సైకిలు మీదా తిరిగాడు. వచ్చాక మేస్త్రీ బిగించి ఇస్తూ, "కొత్తలో రవంత పొగ వస్తాది సార్. నాలుగు దినాలు తిరిగితే సర్దుకుంటాది" అన్నాడట. నిజంగానే మొదట పొగ పలచబడింది. తర్వాత సర్దుకోలేదు. చిక్కబడింది.

ఇక్కడి నుంచే నాకు అయోమయం మొదలు. మేస్త్రీ చెప్పినట్టు నాయన వారానికోసారి నూనె డబ్బాలో పుల్ల ముంచి చూసేవాడు. పుల్ల మీద కత్తితో గీత పెట్టుకున్నాడు. నూనె ఆ గీత దగ్గరే ఉండేది, వెంట్రుక వాసి తగ్గేది కాదు.

"నూనె కాలతా ఉంటే నూనె తగ్గల్ల గదా!" అని నాయన ఆ పుల్ల పట్టుకుని అందరికీ చూపించేవాడు. "తగ్గలేదు. మరి ఈ నీలం పొగ యాడినుంచి వస్తాంది?"

డ్రైవరు మామ ఆ పుల్ల లాక్కుని తనే ముంచి చూసేవాడు.

జవాబు మా అవ్వ దగ్గర ఉంది, నా దగ్గరా ఉంది. అయినా అది ఆ ప్రశ్నకు జవాబని మా ఇద్దరికీ తెలియదు.

బండి బాగై వచ్చిన కొత్తల్లో ఒకరోజు అవ్వ దాని పక్కన జారిన చెంబు తీసుకోబోయి ఇంజన్ మీద చెయ్యి పెట్టింది. వేలు కాలింది. వేలిని నోట్లో పెట్టుకుని బండి వైపు చాలాసేపు చూసింది. ఆ శుక్రవారం నా తలకు ఆముదం అంటి, గిన్నెలో మిగిలింది చేత్తో పట్టుకుని నన్ను బండి దగ్గరికి పిలిచింది. నాయన నిద్రపోతున్నాడు, మిట్టమధ్యాహ్నం.

"ఆ మూత తియ్యి పాపా. లాంతర్లో పోసే గరాటు తెచ్చి పట్టుకో."

"ఎందుకవ్వా?"

"పొయ్యి మాదిరి కాలతాండాది గదమ్మే! ఇంత వేడి చేసినదానికి చలవ చెయ్యకుంటే ఎట్ల? మీ తాత బండి ఇరుసుకు దినామూ ఆముదం పెడతాండె. ఒక్కనాడన్నా కీచుమనిందా అది? మీ నాయన దీని మీద కొండలూ గుట్టలూ తిరగతాండాడు. వాని పానం దీని మీద ఉండాది."

గిద్దెడు ఆముదం బంక సాగుతూ డబ్బాలోకి దిగింది. అవ్వ నూనె చేతిని తన తలకే రాసుకుని, "మీ నాయనకు చెప్పాకు. మగోళ్ల వస్తువులు ముట్టుకుంటే వాళ్లకు రోషం" అంది.

నేను చెప్పలేదు. అట్లా ప్రతి శుక్రవారం జరిగింది. నా తలకు ఎంతో బండికీ అంత. నూనె పుల్ల మీది గీత కిందికి దిగకపోవడానికీ దీనికీ ఉన్న సంబంధం ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం ఆముదం మందు, ఇంజన్లో పోసేది నూనె. మందు పోస్తే నూనె పెరుగుతుందని ఎట్లా అనుకుంటాను?

తొలకరి ముందు ఒక పొద్దున పులివెందుల వైపు పల్లె నుంచి ఒక మనిషి మొదటి బస్సుకు వచ్చాడు. పులివెందుల పశువుల డాక్టరు సెలవులో ఉండడంతో ఆ పనీ నాయన మీదే పడింది. "మా అన్న ఎద్దు జొన్నలు మెక్కి కడుపు ఉబ్బిపోయింది సార్. పడుకోల్యా, నిలబడల్యా" అని ఆయన గుమ్మం దగ్గరే చేతులు జోడించాడు. నాయన చద్దన్నం ముందు నుంచి లేచి మందుల పెట్టె కట్టుకుని, ఆయన్ను వెనక ఎక్కించుకుని పోయాడు. ఆ పొగ వీధిలో చాలాసేపు నిలిచిపోయింది.

మర్నాటికి ఒక లారీ వచ్చి బండినీ, నాయననూ మా ఇంటి ముందు దించింది. ముద్దనూరు దాటాక ఇంజన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయిందట. ఎంత తన్నినా కదలలేదట. రెండు గంటలు ఎండలో నిలబడితే ఒక లారీ దొరికింది. వాళ్లు చేరేసరికి ఎద్దు చనిపోయి ఇంకా వేడిగానే ఉందట.

నాయన అరుగు మీద కూర్చుని అమ్మకు చెబుతుంటే నేను స్తంభం చాటున విన్నాను.

"కడుపులో సూది దించి గాలి తీసింటే బతికేది. అర్ధగంట ముందు పోయింటే చాలు. జతలో ఇంకో ఎద్దు దాన్ని నాకతా నిలబడింది. సేద్యం మొదలు పెట్టే నాళ్లు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనల్యా. 'వచ్చినావు గదా సార్, అది చాల్లే' అని మజ్జిగ ఇచ్చినాడు."

నాయన కళ్లు తుడుచుకోవడం నేను చూడడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే ఆయన బండి అడుగు మర విప్పి నూనెను పళ్లెంలోకి వదిలాడు. నల్లటి నూనె కారాల్సింది పోయి, బెల్లం పాకంలా తీగలు సాగుతూ గడ్డలు గడ్డలుగా పడింది. నాయన వేలితో తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"ఆముదం!" అన్నాడు. "ఇంజన్ నూనె అని చెప్పి వాడు ఆముదం పోసినాడు! గడ్డం తెల్లబడినా బుద్ధి తెల్లబడల్యా వానికి!"

ఏదో ఘోరం జరిగిందని తెలుస్తోంది, అది నా చేతిలోని గరాటులోంచే పోయిందనీ తెలుస్తోంది. కానీ అవ్వ మంచికే పోసింది. మంచికి పోసింది ఎద్దును ఎట్లా చంపుతుంది? చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపే నాయన ప్రొద్దుటూరు బస్సు ఎక్కేశాడు.

చీకటి పడుతుండగా తిరిగొచ్చి చొక్కా విప్పుతూ అమ్మతో అన్నాడు: "షాపు ముందర నిలబెట్టి అడిగినా. జనమంతా జేరినారు. మిలిటరీలో నేర్చుకున్యానని చెప్పి ఊళ్లను ముంచతాండాడని అందరికీ ఇనబడేటట్లు చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? తల దించుకున్యాడు. తప్పు చేసినోడు గాబట్టే నోరు లేవల్యా."

ఆ మాట నన్ను ఇంకా గందరగోళంలో పడేసింది. ఆముదం ఆయన పోయలేదు. మరి తల ఎందుకు దించుకున్నాడు?

అవ్వ పెరట్లో పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. పోయి ఆమె చెవిలో అంతా చెప్పేశాను. అవ్వ చెయ్యి పిండి మీదే ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడి వాసన వచ్చినా కదల్లేదు.

"మనం పోసిన దానివల్లనేనా, ఎద్దు?" అంది చివరికి.

"నాయన అట్లే అంటున్నాడు."

"సాయిబును తిట్టినాడా?"

"అందరి ముందూ."

అవ్వ ఆ పూట తినలేదు. పొద్దున నాయన ఆఫీసుకు పోయాక ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచింది. బస్సులో ఎవరో పొట్లంలో చెనిక్కాయలు ఇస్తే నా చేతిలో పెట్టి కిటికీ బయటికే చూసింది.

షెడ్డు ముందు బెంచీ మీద నలుగురైదుగురు కూర్చున్నారు. లోపల మేస్త్రీ పని లేకుండా ఊరకే ఒక మరను తుడుస్తున్నాడు. అవ్వ లోపలికి పోలేదు. ఎండలో, రోడ్డు మీదే నిలబడింది.

"మేస్త్రీ ఎవరప్పా?"

ఆయన లేచి వచ్చాడు.

"నేను జమ్మలమడుగు పశువుల డాక్టరు తల్లిని."

బెంచీ మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఇంకో జగడం వచ్చిందనుకుని ఎదురు కొట్టువాడు కూడా దిగి వచ్చాడు. అవ్వ వాళ్లందరి వైపూ తిరిగింది.

"నిన్న నా కొడుకు ఈడ నానా మాటలూ అన్యాడంట. అవి ఇన్నోళ్లు ఇది గూడా ఇనండి. బండ్లో ఆముదం పోసింది ఈ మేస్త్రీ గాదు. నేను. చలవ చేస్తాదని తెలీక పోసినా. నా కొడుక్కు గూడా తెలీదు. ఈయప్పను అన్న మాటలన్నీ నాకు తగలల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో వాణ్ని కసిరారు. మేస్త్రీ ముఖం తేటపడుతుందని చూశాను. అలా జరగలేదు. ఆయన ఇంకా నలిగిపోయినవాడిలా, "లోపలికి రామ్మా" అన్నాడు. ముక్కాలిపీట వేసి, పక్క కొట్లోంచి మాకిద్దరికీ నన్నారి షర్బత్ తెచ్చి ఇచ్చాడు. తర్వాత మా ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు నీడన కూర్చోని చెప్పింటే సరిపోయేది. నడిరోడ్లో చెప్పినావు. ఇంక నేను గమ్మునుంటే నాకు నీతీ ఈమానూ లేనట్టే. ఆ రింగులు బిగిస్తాంటే అడుగుది నా చేతిలో పుటుక్కుమనింది. శానా పెళుసుగా ఉంటాయవి. నా కండ్లకు సరిగా ఆనడంల్యా, ఆ సంగతి ఎవరికీ చెప్పల్యా. చెప్తే పని ఎవరిస్తారు? మూడింట్లో రెండు కొత్తవి, అడుగున పాతదే పెట్టినా. మల్లా మద్రాసుకు రాసినా, వచ్చినాక మార్చేద్దామని."

అవ్వ గ్లాసు కింద పెట్టింది.

"పొగ వస్తాందని డాక్టరు సారు వచ్చి చెప్తే నా పాత కడియమే అనుకున్యా. కానీ నూనె తగ్గల్యా అనె. అదెట్లనో నాకు దిమ్మ తిరిగింది. అల్లానే నా తప్పు కప్పిపెడతాండాడేమో అనుకున్యానమ్మా! నిన్న సారు తిడతాంటే, ఆముదం సంగతి నాకు తెలీదు గానీ, తిట్లు నాకు తగినవే అనిపించె."



"అయితే ఆ ఎద్దును చంపింది ఎవరప్పా?" అంది అవ్వ. "నేనా, నువ్వా?"

"ఆముదం గడ్డకట్టి నూనె దారి మూసుకునింటాది. అందుకే ఇంజన్ పట్టేసింది. పొగ మాత్రం నాదీ ఉండాది, నీదీ ఉండాది. యాది ఎంతో ఎవరు చెప్తారు? నేను మొదట్లోనే నిజం చెప్పింటే సారు ఆ బండి తీసేటోడే గాదు."

"నేను చెప్పింటే గూడా తీసేటోడు గాదు."

"నీ కొడుక్కు చెప్పమంటావా తల్లీ?" అని ఆయన అడిగాడు.

"నా తప్పు నేను చెప్పుకున్యా. నీది నువ్వు చెప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. నేను చెప్తే చాడీ చెప్పినట్టు. నేను చెప్పను." నా వైపు తిరిగి, "నువ్వూ చెప్పాకు" అంది. ఆ మాట ఆమె నాతో అనడం అది రెండోసారి. మొదటిసారి చెప్పకపోవడం తప్పయింది. రెండోసారి ఏమవుతుందో నాకు అంతు పట్టలేదు.

ఆ సాయంత్రం అవ్వ నాయనకు ఆముదం సంగతి చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు, నన్ను అడిగాడు. గరాటు పట్టుకున్నది నేనేనని చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన అట్లాగే పోయి బండి పక్కన నిలబడ్డాడు. "ఆయన్ను అన్నన్ని మాటలంటినే!" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

మర్నాడు బండిని ఎద్దులబండి మీద ఎక్కించి ప్రొద్దుటూరు తీసుకుపోయాం. నేనూ వస్తానని మొండికేసి ఎక్కాను. నాయన షెడ్డు ముందు దిగగానే, తాను తిట్టడం విన్న జనం చూస్తుండగానే మేస్త్రీ రెండు చేతులూ పట్టుకుని, "తప్పయిపాయ మామా, మనసులో పెట్టుకోవాక" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ మామా అని పిలవలేదు. మేస్త్రీ చేతులు వెనక్కి తీసుకుని పనిముట్ల పెట్టె అందుకున్నాడు.

ఇంజన్ విప్పడం మొదలైంది. గడ్డకట్టిన ఆముదాన్ని పుల్లతో గీకి తీశారు. మధ్యాహ్నానికి పిస్టను బయటికి వచ్చింది. మేస్త్రీ దాన్ని కిరసనాయిల్లో కడిగి గుడ్డతో తుడిచాడు. నాకు ఎదురుగానే ఉంది. పైన రెండు కడియాలు మెరుస్తున్నాయి. అడుగుది నల్లగా, పలచగా అరిగిపోయి ఉంది. మేస్త్రీ చేతులు ఆగిపోయాయి. నాయన ఆయన పక్కనే గొంతుక్కూర్చుని ఆ పిస్టను వైపే చూస్తున్నాడు. ఎద్దు నోరు తెరిచి పన్ను చూసి వయసు చెప్పే మనిషి మా నాయన. ఎంతసేపు చూశాడో చెప్పలేను.

అప్పుడు నా వైపు తిరిగి, "ఎండకు మొగం వాడిపోయింది, పోయి నీళ్లు తాగిరాపో పాపా" అన్నాడు.

కుండ వేపచెట్టు అవతల ఉంది. తాగి పరుగున వచ్చాను. అప్పటికి పిస్టను మీద గుడ్డ కప్పి ఉంది. ఇద్దరూ చెరో గ్లాసు టీ తాగుతున్నారు. మేస్త్రీ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉండేవి కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

వారానికి బండి వచ్చింది. పొగ లేదు. మాకు బదిలీ అయ్యేదాకా దాన్ని నాయన ఆ మేస్త్రీ దగ్గరే చేయించాడు. అవ్వ నా తలకు ఆముదం మాని కొబ్బరినూనె పట్టించింది, ఎందుకని ఎవరూ అడగలేదు. ఎద్దు పోయిన రైతుకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పులివెందుల వైపు పోయినప్పుడల్లా నాయన ఆ ఊళ్లో ఆగి ఆయన పశువులను చూసి వచ్చేవాడు. ఆ రైతు ఇదంతా డాక్టరు మంచితనమనే అనుకుని ఉంటాడు. అది మంచితనం కాదనడానికీ నాకు నోరు రాదు.

నాయన చివరి రోజులదాకా ఈ కథను అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఇంటికొచ్చిన అల్లుడికి చెప్పేవాడు, మనవళ్లకు చెప్పేవాడు. అవ్వ వేలు కాలడం, గరాటు, పుల్ల మీది గీత, ప్రొద్దుటూరు రోడ్డు మీద అవ్వ నిలబడడం, అన్నీ చెప్పేవాడు. "మా యమ్మ మోటారుసైకిలుకు తలంటు పోసింది" అని ముగించేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నేను మాత్రం ప్రతిసారీ ఆయన ముఖంలోకి చూస్తూ, ఆ అడుగు కడియం మాట కోసం ఎదురుచూసేదాన్ని. ఆయన ఒకసారి నా కళ్లలోకి చూసి, పక్కనున్న చెంబు అందుకుని నీళ్లు తాగాడు.